కత్తి పదునుకు కూలి ఎవరు కడుతున్నారు?

రైతు భాషలో పదును అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. వాన పడిన తర్వాత ఆరీ ఆరని నేలకు వుండే తడి ఒక పదును. కత్తికీ, కొడవలికీ వుండే వాడి మరొక పదును. మొదటి పదును తప్పితే నష్టపోయేది భూమి గలవాడు. అందుకే ఆ పదును కోసం వూరంతా తొందరపడుతుంది. రాత్రి పూట కూడా లైట్లు వేసుకొని ట్రాక్టర్లు దున్నుతాయి. రెండో పదును తప్పితే నష్టపోయేది కూలి చేసేవాడు. అందుకే దాని గురించి అడిగే నాథుడు లేడు.

వరంగల్ జిల్లా నెక్కొండ, కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు మార్గం మీద వున్న మండల కేంద్రం. చుట్టూ పత్తి, మిర్చి, మక్క, వరి. పత్తి ఏరుడు అయిపోయినంక చేన్లలో పత్తి కట్టె మిగులుతుంది. తోట వుడిగితే మిర్చి కట్టె మిగులుతుంది. గట్ల మీద, కాలువల వెంట సర్కారు తుమ్మ పెరుగుతుంది. ట్రాక్టరు తిరగగలిగిన చోట రోటవేటరు కట్టి కట్టెను నేలలోనే పొడి చేస్తున్నారు. ట్రాక్టరు తిరగని చిన్న చెలకల్లో, గట్ల మీద, ముండ్ల కంపల్లో మాత్రం ఇప్పటికీ మనిషి చెయ్యే, ఆ చేతిలో కత్తే.

ఈ పని ఎక్కువగా గుత్తకు పోతుంది. ఎకరానికి ఇంత అని, గట్టుకు ఇంత అని మాట్లాడుకుంటారు. మరి కత్తి ఎవరిది? కూలివాడిదే. కామ విరిగితే కొత్త కామ ఎవరు వేయించుకోవాలి? కూలివాడే. సాన పట్టించే పైసలు, సాన దగ్గర పోయే పూట ఎవరివి? అవీ కూలివాడివే. గుత్త మాట్లాడేటప్పుడు వీటిలో ఒక్కటీ లెక్కలోకి రాదు.

నెక్కొండ వైపు ఒక కొలిమి కాడ కూర్చున్నప్పుడు ఒక కూలి తమ్ముడు తన కత్తి పట్టుకొని వచ్చి చెప్పిన మాట ఇది: "కత్తి మొన్ననే కొన్న అన్నా. మిషన్ మీద సాన పట్టిచ్చిన. గడ్డం గీసుకోవచ్చు, అంత మంచిగుండె. గట్టు మీద తుమ్మ మొద్దుకు నాలుగు దెబ్బలేసిన్నో లేదో, అంచంత పెచ్చులు లేశిపోయింది. ఇగ పొద్దూకేదాక కొట్టుడు కాదు, గుద్దుడే."

కొలిమి ముందున్న పెద్దమనిషి కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు: "కత్తి మంచిదే బిడ్డా. అంచే తప్పు. గడ్డం గీసేదానికి పెట్టే అంచు తుమ్మ కొట్టేదానికి పెట్టిండ్రు."

ఆ ఒక్క మాటలో చాలా సంగతి వుంది. కత్తి వాడిగా వుంటే చాలదు. ఆ వాడి వెనక వున్న అంచు ఆకారం పనికి తగినట్టు వుండాలి. లేకపోతే ఆ లోటును కూలివాడు తన భుజంతో పూడుస్తాడు. దీన్ని కొంచెం విడమర్చి చూద్దాం.

అంచు చేసే రెండు పనులు

దెబ్బ పడ్డప్పుడు కత్తి రెండు పనులు చేస్తుంది. ఒకటి, కట్టెలోని నారను తెంపడం. రెండు, తెగిన కట్టెను రెండు పక్కలకు నెట్టి తనకు దారి చేసుకోవడం. మొదటి పని కొస అంచుది. రెండో పని అంచు వెనక వున్న చెంపలది.

గడ్డి కోసేటప్పుడు రెండో పని దాదాపు వుండదు. తెగిన గడ్డి దానంతటదే పక్కకు పడిపోతుంది. తుమ్మ మొద్దు కొట్టేటప్పుడు అలా కాదు. దెబ్బ లోపలికి దిగేకొద్దీ కట్టె రెండు వైపులా కత్తిని పట్టి బిగిస్తుంది. మన బలంలో చాలా భాగం ఆ పట్టును విడిపించుకోవడానికే పోతుంది. కాబట్టి "వాడిగుందా?" అని అడిగితే సగమే అడిగినట్టు. "వాడి వెనక ఏముంది?" అని కూడా అడగాలి.

నాలుగు రకాల అంచులు

మొదటిది చదును వాలు. కత్తి రెండు చెంపలూ బల్లపరుపుగా వాలి అంచు దగ్గర కలుస్తాయి. పలుచగా వున్న చదును వాలు మక్క చొప్పలో, పచ్చి కొమ్మల్లో, చెరకులో వెన్నలో దిగినట్టు దిగుతుంది. అదే మొద్దు మీద వేస్తే లోతుగా దిగి ఇరుక్కుపోతుంది. చెంప మొత్తం కట్టెకు అంటుకొని వుంటుంది గనుక బయటికి రాదు. అప్పుడు మనం కత్తిని అటూ ఇటూ మెలిపెడతాం. పలుచ అంచు పెచ్చులు లేచేది దెబ్బ వేసినప్పటి కంటే మెలిపెట్టినప్పుడే ఎక్కువ.

రెండోది వుబ్బు వాలు. గొడ్డలిని పక్క నుంచి చూడండి. చెంపలు చదునుగా వుండవు, చేప పొట్టలాగా కొంచెం వుబ్బి వుంటాయి. కట్టెకు ఆ వుబ్బే తగులుతుంది, మిగతా చెంప తగలదు. అందుకే పట్టు తక్కువ. ఆ వుబ్బు తెగిన చెక్కను పక్కకు నెట్టి ఎగరగొడుతుంది కూడా. కత్తి ఇరుక్కోకుండా బయటికి వస్తుంది. పైగా అంచు వెనక ఇనుము దట్టంగా వుంటుంది గనుక పెచ్చు లేవదు. ఎండిన తుమ్మకూ, వేపకూ, కణుపులున్న మొద్దులకూ ఇదే సరైన అంచు. అయితే మెత్తని చొప్పలో ఇది పలుచ అంచంత సులువుగా దిగదు.

మూడోది గుంట వాలు. మంగలి కత్తి ఇలాంటిది. చెంపలు లోపలికి గుంటలు పడి, అంచు వెంట్రుకంత పలుచగా వుంటుంది. చిన్న కరెంటు సాన చక్రం మీద ఏ కత్తిని ఆనించినా చక్రం గుండ్రానికి తగినట్టు అంచు వెనక ఇలాంటి గుంటే పడుతుంది. ముట్టుకుంటే భలే వాడిగా వుంటుంది. కానీ అంచు వెనక ఆసరా ఏమీ లేదు. గట్టి కట్టె తగలగానే వంగుతుంది, లేదా పెచ్చు లేస్తుంది. ఆ తమ్ముడి కత్తికి జరిగింది ఇదే.

నాలుగోది ఒంటి వాలు. ఒక చెంప చదును, రెండో చెంపకే వాలు. వడ్రంగి వులి, బాడిస ఇలాంటివి. పండ్ల కొడవలికి కూడా పండ్లు ఒక పక్కనే కొడతారు. చెక్కడానికి ఇది మంచిది. మొద్దు నరకడానికి పెడితే దెబ్బ నిటారుగా దిగదు, ఒక పక్కకు లాగుతుంది. కుడిచేతి వాటానికి పెట్టిన ఒంటి వాలు ఎడమచేతి వాళ్ళకు పనికిరాదు.

ఈ పేపరు మూలతోనే కొలుచుకోండి

అంచు కోణం కొలవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఈ పేపరు మూల చాలు. పేపరు మూల 90 డిగ్రీలు. అంచు మీద అంచు వచ్చేటట్టు మూలను ఒకసారి మడిస్తే 45. మళ్ళీ మడిస్తే ఇరవై రెండున్నర. ఇంకోసారి మడిస్తే సుమారు 11.

రెండు చెంపల మధ్య ఇరవై రెండున్నర డిగ్రీల చుట్టుపక్కల వుంటే అది గడ్డికీ, చొప్పకూ, లేత కొమ్మలకూ పనికొచ్చే అంచు. 45 చుట్టుపక్కల వుంటే అది ఎండిన గట్టి కట్టెకు తట్టుకొనే అంచు. పచ్చి కట్టె, పత్తి కట్టె, మిర్చి కట్టె కొట్టేవాళ్ళకు ఈ రెంటికీ నడిమధ్యన వుండాలి. 11 డిగ్రీల మడతకు సరిపోయిందంటే ఆ కత్తిని కంపలోకి తీసుకుపోవద్దు. సాయంత్రానికి రంపమవుతుంది.

పత్తి కట్టెకు ఒక తిరకాసు వుంది. దాని బెరడులో నార ఎక్కువ. మొద్దుబారిన కత్తి కట్టెను విరగ్గొడుతుంది గానీ బెరడును తెంపదు. బెరడు వేలాడుతుంది, మళ్ళీ ఒక దెబ్బ వెయ్యాలి. కనుక పత్తి కట్టె కొట్టే కత్తికి చెంపల్లో కొద్దిగా వుబ్బు వుండాలి, కొస అంచు మాత్రం వాడిగా వుండాలి.

బరువా, వేగమా?

"బరువు కత్తి అయితే బాగా తెగుతది" అని చాలామంది అనుకుంటారు. ఇది సగం నిజం. అదే వేగంతో విసిరితే, కత్తి బరువు రెండింతలైతే దెబ్బలోని శక్తి రెండింతలవుతుంది. బరువు అదే వుండి వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలవుతుంది. మక్క చొప్ప, గడ్డి దెబ్బకు వంగి తప్పించుకొనేవి. వాటిని తెంపేది వేగమే. అక్కడ తేలిక కత్తి, పలుచ అంచు కావాలి. మొద్దు ఎక్కడికీ పోదు. అక్కడ కొసవైపు కొంచెం వెడల్పు, బరువు వున్న కత్తి నయం. పైకెత్తేది మన భుజం, కిందికి దించడంలో ఆ బరువూ సాయపడుతుంది.

వంపు సంగతి కూడా చూడాలి. కొడవలి వంపు లోపలికి. పైరును జారిపోకుండా ఒడిసి పడుతుంది. వేటకత్తిలాగా అంచు బయటికి వంగి వుంటే దెబ్బంతా కొద్ది చోట పడి లోతుగా దిగుతుంది. గట్టు మీది సన్న కంపకు కొస లోపలికి తిరిగిన కత్తి మంచిది. కొమ్మ జారి ముఖం మీదికి ఎగరదు.

ప్రతి కత్తికీ దెబ్బ వేయవలసిన ఒక చోటు వుంటుంది. కామను వదులుగా పట్టుకొని కత్తిని మొద్దు మీద కామ దగ్గర నుంచి కొస దాకా మెల్లగా కొట్టి చూడండి. ఒక చోట కొడితే చెయ్యి అదరదు. అదే ఆ కత్తికి సరైన చోటు. దానికి అటూ ఇటూ తగిలిన ప్రతి దెబ్బలో కొంత మణికట్టులోకి తిరిగి వస్తుంది. రాత్రి పడుకున్నప్పుడు చెయ్యి జివ్వుమని లాగేది ఆ దెబ్బలకే.

ఒక ఎకరం లెక్క

ఇప్పుడు కాగితం మీద లెక్క చేద్దాం. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. పత్తి మూడడుగులకు మూడడుగుల చొప్పున పెడితే ఎకరానికి 4,840 మొక్కలు. అంచు సరిగా వుండి ఒక దెబ్బకు ఒక కట్టె తెగితే 4,840 దెబ్బలు. అంచు చెడి రెండు దెబ్బలు పడితే 9,680.

కత్తి బరువు అరకిలో అనుకుందాం. అదనంగా పడిన 4,840 దెబ్బలకు చెయ్యి పైకెత్తిన బరువు 2,420 కిలోలు. అంటే 24 క్వింటాళ్ళ పైచిలుకు! మార్కెట్ యార్డులో హమాలీ 24 క్వింటాళ్ళు ఎత్తితే ఆ ఎత్తుడుకు కూలి అడుగుతాడు, అడగాలి కూడా. అదే బరువును కూలివాడు అరకిలో అరకిలోగా ఎత్తి పడేస్తే దానికి పేరూ లేదు, కూలీ లేదు. గుత్త గుత్తే. రెండు రోజుల పని మూడు రోజులైతే ఆ మూడో రోజు ఎవరి ఖాతాలో పడింది?

ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. "మగోళ్ళు కత్తి పట్టిండ్రని కూలి ఎక్కువ ఇస్తరు. మా కొడవండ్లకు పదును పెట్టియ్యరా? వాటికి పైసలు వడయా?" అని ఒక అక్క అడిగింది. జవాబు చెప్పవలసిన వాళ్ళు అక్కడ లేరు.

యజమానులకు ఎప్పుడో తెలిసిన సంగతి

పనిముట్టు ఆకారానికీ కూలికీ సంబంధమేమిటని ఎవరైనా నవ్వవచ్చు. ఫ్యాక్టరీ యజమానులు ఈ లెక్క వందేళ్ళ కిందటే వేశారు.

అమెరికాలో బెత్లెహెం స్టీల్ కంపెనీలో 19వ శతాబ్దం చివర ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు పారపని మీద పరీక్షలు చేశాడు. అంతకు ముందు అక్కడ మంచి పనివాళ్ళు ఎవరి పార వాళ్ళే తెచ్చుకొనేవారు. అదే పారతో బరువైన ముడి ఇనుమూ, తేలికైన బొగ్గు పొడీ ఎత్తేవారు. పారకు సుమారు 21 పౌండ్లు, అంటే తొమ్మిదిన్నర కిలోల బరువు పడినప్పుడు రోజు మొత్తం మీద ఎక్కువ పని అవుతుందని టేలర్ తేల్చాడు. బరువైన సరుకుకు చిన్న పార, తేలిక సరుకుకు పెద్ద పార అని ఎనిమిది, పది రకాల పారలు చేయించి, కంపెనీ ఖర్చుతో పెద్ద పనిముట్ల గది పెట్టించాడు.

ఫలితం ఏమిటి? 1911లో అచ్చయిన పుస్తకంలో టేలరే రాసుకున్న లెక్క ప్రకారం 400 నుంచి 600 మంది చేసే పనిని దాదాపు 140 మందితో చేయించారు. రోజు కూలి 1 డాలరు 15 సెంట్ల నుంచి 1 డాలరు 88 సెంట్లకు పెరిగింది. కంపెనీకి టన్నుకయ్యే ఖర్చు మాత్రం సగానికి పైగా తగ్గింది. అంటే పనిముట్టు బాగుపడటం వల్ల వచ్చిన లాభంలో పెద్ద వాటా యజమానికే పోయింది. మిగతా వందల మందికి ఆ పనిలో చోటు లేకుండా పోయింది.

దీని నుంచి మనం నేర్చుకోవలసినవి రెండు. పనిముట్టు ఆకారం మారితే పని మారుతుందన్నది నిజం. ఆ లాభం ఎవరికి చేరుతుందన్నది మాత్రం పనిముట్టు తేల్చదు, బేరమాడే బలం తేలుస్తుంది. బెత్లెహెంలో పారలు కంపెనీ కొన్నది, లాభమూ కంపెనీ తీసుకున్నది. నెక్కొండ చేన్లలో కత్తి కూలివాడిది, పదును కూలివాడిది. మరి పని తొందరగా అయిందని గుత్త రేటు కోయడం ఏ న్యాయం?

కొలిమి ఆరితే

ఈ విద్య మనకు పరాయిది కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన వుక్కును కొనడానికి ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. పేరుపొందిన డమాస్కస్ కత్తులకు దక్కను వుక్కు వాడేవారు. అలాంటి వుక్కు చేసిన నేల మీద కమ్మరి బతుకు మాత్రం ఎన్నడూ బాగుపడలేదు. నిజాం పాలనలో దొరల పనిముట్లు వెట్టికి చేసిపెట్టవలసిన వాళ్ళలో కమ్మరీ వడ్రంగీ కూడా వున్నారు. మామూలు రైతులు కల్లం కాడ ఏడాదికింత అని గింజలు కొలిచేవారు. భూమి లేని కూలికి కల్లమే లేదు, చేతిలో పైసలు పెట్టి పదును కొనుక్కోవలసిందే.

ఇప్పుడు నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. కర్రు కాల్చే పని పోయింది. అంగట్లో తయారు కత్తులు వచ్చాయి. కొలుములు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. మిగిలినచోట కమ్మరి లారీ కమాను పట్టీని కాల్చి, దాగలి మీద సాగదీసి కత్తి చేస్తాడు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టి చేస్తాడు. మళ్ళీ సన్నని సెగ చూపించి, అంచు గడ్డి రంగుకో, గోధుమ రంగుకో తిరిగినప్పుడు ఆపుతాడు. దీన్నే పానం పెట్టడం అంటారు. ఎక్కువ గట్టిపడితే అంచు విరుగుతుంది, మెత్తబడితే వంగుతుంది. ఆ రెంటి మధ్యన నిలబెట్టేది కమ్మరి కన్ను.

కరెంటు సాన మీద నిప్పురవ్వలు లేచేటట్టు అదిమి పట్టినప్పుడు అంచు నీలం రంగుకు తిరిగితే, కమ్మరి పెట్టిన పానం అక్కడ పోయినట్టే. ఆ కత్తి ఎన్నిసార్లు సాన పట్టినా నిలవదు. మిషన్ వాడే పని అయితే తడవ తడవకూ నీళ్ళలో ముంచమని అడగాలి.

చేతితో పెట్టుకోవడం ఇంకా మంచిది. ముందు ఆకురాయితో అంచు వెనక వున్న భుజాన్ని తగ్గించాలి. తర్వాత తడిపిన సానరాయి మీద కత్తి వెన్నును కొద్దికొద్దిగా పైకి లేపుతూ రాస్తే వుబ్బు వాలు వస్తుంది. అవతలి పక్కకు సన్నని పొర తిరిగినట్టు వేలికి తగిలితే కత్తి తిప్పి రెండో పక్క రాయాలి. చివరికి అంచును ఎండకు ఎదురు పట్టి చూడాలి. తెల్లని గీత మెరిస్తే అక్కడ ఇంకా మొద్దు వున్నట్టు. గీత కనబడకపోతే పదును వచ్చినట్టు.

ఇది ప్రాణానికి సంబంధించిన విషయం కూడా. మొద్దు కత్తి ఏటవాలుగా తగిలితే కట్టెలో దిగదు, జారి మోకాలి కింద పడుతుంది. గుంట వాలు కత్తి పెచ్చు కంటిలో పడవచ్చు. ఇలాంటి దెబ్బ తగిలిన రోజు ఆసుపత్రి ఖర్చు ఎవరిదన్న పంచాయితీ పెట్టుకోవడం కంటే ముందే మాట్లాడుకోవడం మేలు.

మనం ఏం అడగాలి?

ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులు జరిగినప్పుడు గడ్డపార పదునుకు కూలితో పాటు అదనంగా కొంత కట్టి ఇచ్చే పద్ధతి వుండేది. మొత్తం ఎంతన్నది పక్కన పెడితే, పదును కూడా పనిలో భాగమేనని సర్కారే ఒప్పుకున్నట్టు గదా! సర్కారు పనికి వర్తించిన న్యాయం ఆసామి పనికి ఎందుకు వర్తించదు?

కాబట్టి కూలీలు, సంఘాల కార్యకర్తలు ఈ విషయాలు చర్చకు పెట్టాలి.

ఒకటి: గుత్త మాట్లాడేటప్పుడే పదును పైసలు, కామ పైసలు కూలికి అదనంగా విడిగా మాట్లాడాలి. కూలిలో కలిపామంటే ఒప్పుకోవద్దు, కలిపింది ఎప్పుడూ కనబడదు.

రెండు: రోజు కూలి పనిలో పదును పెట్టుకునే సమయాన్ని పని గంటల్లోనే లెక్కగట్టాలి. అది కూర్చున్న సమయం కాదు.

మూడు: ఆడవాళ్ళ కొడవలికీ, మగవాళ్ళ కత్తికీ పదును పైసలు సమానంగా వుండాలి.

నాలుగు: తుమ్మ, ఎండు మొద్దు వున్న గట్టుకు వేరే రేటు, పత్తి కట్టెకు వేరే రేటు. ఒకే గుత్తలో రెండూ కలిపితే రెండు కత్తులు మోసేది మనమే, ఒక కత్తి కూలి తీసుకొనేదీ మనమే.

ఐదు: పని మీద తగిలిన దెబ్బకు మందుల ఖర్చు, పోయిన రోజుల కూలి పని చేయించుకునే ఆసామే భరించాలి.

ఆరు: ప్రతి వూళ్ళో సంఘం తరఫున ఒక మంచి సానరాయి, రెండు ఆకురాళ్ళు వుంచుకోవాలి. వూళ్ళో కొలిమి బతికి వుంటే పదును పని దానికే ఇవ్వాలి. కమ్మరి కూడా శ్రమజీవే. అతని కొలిమి ఆరితే మన భుజం మీద భారం పెరుగుతుంది.

ఆ కూలి తమ్ముడి కత్తికి పెద్దమనిషి అదే పొద్దు వుబ్బు వాలు పెట్టి ఇచ్చాడు. పట్టుకుంటే మునుపటి మెరుపు లేదు. "గిది గడ్డం గీయదు గద తాతా?" అన్నాడు ఆ పిల్లగాడు. "గీయదు బిడ్డా. మొద్దును కొడతది, నీ రెక్కను కాపాడ్తది" అన్నాడు ముసలాయన.

ఆ పదునుకు పైసలు ఆ పూట కూలి పిల్లగాడి జేబులో నుంచే పోయాయి. వచ్చే పత్తి కట్టె నాటికి అవి ఆసామి లెక్కలో పడేటట్టు చూడవలసిన పని మనందరిదీ.